ఇంటి పైకప్పు పనికి కాంటిలీవర్ పరంజా

నేలమీద స్తంభాలు పాతకుండా, భవనం లోపల ఒక కొస బిగించి రెండో కొసను గోడ బయటికి చాచిన దూలాల మీదనో, గోడకు అమర్చిన త్రికోణాకారపు బ్రాకెట్ల మీదనో పలకలు పరిచి, పనివారు నిలబడేందుకు తాత్కాలికంగా చేసే ఏర్పాటును కాంటిలీవర్ పరంజా అంటారు. ఒక కొస మాత్రమే బిగించి ఉండి రెండో కొస గాలిలో తేలే దూలానికి కాంటిలీవర్ అని పేరు. ఇళ్ళకు ఉండే సజ్జలు, బాల్కనీలు శాశ్వతమైన కాంటిలీవర్లే. పరంజాను సారువ అని కూడా వ్యవహరిస్తారు. పెంకులు మార్చడం, చూరు దగ్గర కుళ్ళిన వాసాల కొసలు తీసి కొత్తవి వేయడం, రేకులు బిగించడం, వాననీటి గొట్టాలు అమర్చడం, శ్లాబు అంచుకు పూత వేయడం వంటి పనులకు ఈ పరంజా అవసరపడుతుంది.

నేలనుంచి లేచే మామూలు పరంజాకు వీలులేని చోట్లు కొన్ని ఉంటాయి. గోడకు ఆనుకొని పొరుగువారి స్థలమో, ఇరుకు సందో, మురుగు కాలువో ఉండవచ్చు; కింది అంతస్తు ముందు భాగంలో సిమెంటు రేకుల పంచ ఉండి స్తంభాలు దిగే దారి లేకపోవచ్చు; కొత్తగా పూడ్చిన నేల స్తంభాల పాదాల కింద దిగబడిపోవచ్చు. అటువంటి చోట పైఅంతస్తు కిటికీలగుండా గాని, శ్లాబు మీదినుంచి గాని దూలాలు చాచి పని సాగిస్తారు. అయితే నేలనుంచి కట్టగలిగిన చోట ఖర్చు తగ్గుతుందనో, త్వరగా అవుతుందనో కాంటిలీవర్‌ను ఎంచుకోవడం తప్పు. మామూలు పరంజాలో బరువు స్తంభాలగుండా నేరుగా నేలలోకి దిగుతుంది, ఒక ముడి వదులైతే మరొక ముడి కొంతవరకైనా ఆదుకుంటుంది. కాంటిలీవర్‌లో మాత్రం బయట నిలబడ్డ మనిషి బరువు లోపలి కొసను పైకి లేపడానికి ప్రతిక్షణం ప్రయత్నిస్తూ ఉంటుంది, ఆ కొసను పట్టి ఉంచిన ఒక్క బిగింపు విడితే దూలం మొత్తం తిరగబడుతుంది. ఈ పరంజా భద్రత పనివాడి కాళ్ళ కింద కంటే అతని కంటికి కనిపించని గది లోపలే ఎక్కువగా నిర్ణయమవుతుంది.

చారిత్రక నేపథ్యం

గోడ కడుతున్నప్పుడే అందులో చిన్న రంధ్రాలు వదిలి, వాటిలో అడ్డకర్రలు దూర్చి పరంజా లేపే పద్ధతి రోమన్ల కాలం నుంచి ఉంది. ఐరోపాలోని మధ్యయుగపు కోటల మీద, చర్చిల మీద ఆ రంధ్రాల వరుసలు నేటికీ కనిపిస్తాయి. రోములోని సిస్టైన్ ప్రార్థనాలయపు పైకప్పు మీద 1508లో చిత్రరచన ప్రారంభించిన మైకెలాంజెలో, కింద ప్రార్థనలకు అంతరాయం కలగకుండా, కిటికీల ఎత్తున గోడల్లో చేసిన రంధ్రాలనుంచి చాచిన ఆధారాల మీద వంతెనవంటి పరంజా నిలిపాడు. 1980లో మొదలైన జీర్ణోద్ధరణలో ఆ పాత రంధ్రాలనే మళ్ళీ వాడుకున్నారు.

గోడలో గుచ్చిన దూలపు కొసకు బరువు వేలాడదీస్తే అది ఎక్కడ, ఎందుకు విరుగుతుందన్న ప్రశ్నను గణితంతో మొదట పట్టించుకున్నవాడు గెలీలియో. 1638లో లైడెన్ నగరంలో అచ్చయిన తన గ్రంథంలో ఈ దూలం బొమ్మ వేసి చర్చించాడు. దూలం లోతు పెరిగితే బలం ఆ లోతు వర్గానికి అనులోమంగా పెరుగుతుందన్న ఆయన నిర్ణయం సరైనదే గాని, దూలం అడ్డకోతలో బలాలు ఎలా పంపిణీ అవుతాయన్న ఊహ మాత్రం సరికాదు. దానిని తర్వాతి తరాలవారు దిద్దారు, ఆ దిద్దుబాట్లలో 1773లో కూలుంబ్ చేసిన విశ్లేషణ ముఖ్యమైనది. ఉక్కు గొట్టాల పరంజాకు 20వ శతాబ్ది తొలి దశకాల్లో ఇంగ్లండులో డేనియల్ పామర్ జోన్స్ రూపొందించిన క్లాంపులు దారి చూపాయి. హాంకాంగ్‌లో ఎత్తైన నివాస భవనాల బయట ఎయిర్ కండిషనర్ల మరమ్మతుకు, గొట్టాల పనికి గోడకు బిగించిన ఇనుప బ్రాకెట్ల మీద వెదురుతో కాంటిలీవర్ పరంజా కట్టే అలవాటు ఇటీవలి కాలం వరకూ విస్తృతంగా ఉంది. తెలుగునాట కోస్తా ఇసుక నేలల్లో పెరిగే సర్వీ చెట్ల బాదులు, వెదురు బొంగులు, కొబ్బరి తాడు చిరకాలంగా పరంజాకు ఆధారం. ఆలయ గోపురాల జీర్ణోద్ధరణకు కట్టే సర్వీ బాదుల పరంజాలో కనిపించే ముడుల నేర్పు ఏ పాఠ్యగ్రంథానికీ తీసిపోదు. ఆ నేర్పు నిలువు బరువుకు బాగా పనికివస్తుంది. కాంటిలీవర్‌కు దానితోపాటు కొంత లెక్క కూడా కావాలి.

బలాల లెక్క

దూలం భవనాన్ని వదిలి బయటికి వచ్చే చోట దాని కింద ఉండే ఆధారాన్ని ఊత అనుకోవచ్చు. ఊతకు బయటి భాగం మీద బరువు పడితే దూలం ఊత చుట్టూ తిరగజూస్తుంది. బరువును, ఊతనుంచి దాని దూరాన్ని గుణిస్తే వచ్చే ఈ తిప్పే ప్రభావాన్ని భ్రామకం అంటారు. ఒక పనివాడు పనిముట్లతో కలిపి 100 కిలోలు ఉండి, ఊతకు 1 మీటరు బయట నిలబడ్డాడని, దూలం ఊతకు లోపల 1.5 మీటర్ల దగ్గర బిగించి ఉందని అనుకుంటే, ఆ లోపలి కొసను పైకి లేపే బలం 100ను 1.5తో భాగించగా వచ్చే సుమారు 67 కిలోలు. ఊత మీద పడే బరువు ఈ రెండింటి మొత్తం, అంటే 167 కిలోలు. పనివాడి బరువుకంటే ఊత మోసే బరువు ఎక్కువన్న ఈ సంగతిని చాలామంది మేస్త్రీలు సైతం గమనించరు. లోపలి భాగాన్ని 1.5 మీటర్లనుంచి అర మీటరుకు కుదిస్తే పైకి లేపే బలం 200 కిలోలకు, ఊత మీది బరువు 300 కిలోలకు చేరుతాయి; బయట మాత్రం అదే మనిషి, అదే పని.

అమెరికా కార్మిక భద్రతా నిబంధనలు ఇటువంటి దూలాలకు లోపలి పొడవు బయటి పొడవుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలని, ఊత కింద ప్రతి వైపూ కనీసం 6 అంగుళాలున్న గట్టి పీఠం ఉండాలని, పరంజాలోని ప్రతి భాగమూ సొంత బరువుతోపాటు ఉద్దేశించిన గరిష్ఠ బరువుకు నాలుగు రెట్లు మోయగలగాలని విధిస్తాయి. ఈ నాలుగు రెట్లను భద్రతా గుణకం అంటారు. పై ఉదాహరణలో దూలం బరువును, పలకల బరువును వదిలిపెట్టి చూసినా లోపలి బిగింపు సుమారు 267 కిలోల పైకి లాగుడును, ఊత 667 కిలోలను తట్టుకోవాలి. రెండు దూలాలు ఉన్నాయి కదా, బరువు సగం సగం పంచుకుంటాయి కదా అనడం చెల్లదు. పనివాడు సరిగ్గా ఒక దూలం మీదికి వచ్చి నిలబడితే మొత్తం బరువు దానిదే.

ఊతగా ఏది పనికిరాదో ఈ లెక్కనుబట్టే తెలుస్తుంది. నాలుగున్నర అంగుళాల పిట్టగోడ ఇటువంటి ఒత్తిడికి కట్టింది కాదు. దూలం కాస్త పక్కకు కదిలినా పైవరుస ఇటుకలు ఊడివస్తాయి. సజ్జ మీద ఊత పెట్టడం అంతకంటే ప్రమాదకరం, ఎందుకంటే సజ్జ తానే ఒక కాంటిలీవర్, దానిలో ఇనుము పైభాగంలో ఉండాలి, కాంక్రీటు వేసేటప్పుడు తొక్కుడుకు ఆ కమ్మీలు కిందికి దిగిపోయి ఉంటే బయటికి ఏ గుర్తూ కనిపించదు. కిటికీ కింది గోడ అయినా 9 అంగుళాల సిమెంటు కట్టుబడి అయి ఉండాలి, పైన మందపాటి చెక్కో ఉక్కు పలకో వేసి బరువును పరచాలి. మట్టితో కట్టిన పాత పెంకుటిళ్ళ గోడలకు కాంటిలీవర్ ఆలోచనే రాకూడదు.

లోపలి కొసను పట్టి ఉంచడానికి మూడు దారులు వాడుకలో ఉన్నాయి. మొదటిది శ్లాబుకు ఆరపార రంధ్రం చేసి, కింద ఉక్కు పలకతో బోల్టు బిగించడం; ఇది అన్నిటికంటే నమ్మదగినది, రంధ్రాన్ని తర్వాత నీరు కారకుండా పూడ్చాలన్న బెంగే చాలామందిని వెనక్కు లాగుతుంది. రెండోది గదిలో దూలపు కొసకూ పైశ్లాబుకూ మధ్య సెంట్రింగు పనిలో వాడే ఇనుప జాకీని బిగించడం. జాకీ పైకొస శ్లాబును కిందినుంచి పైకి నెడుతుంది. శ్లాబు కిందికి వచ్చే బరువుకు రూపొందింది గనుక ఆ నెట్టుడును గది మధ్యలో ఒకే బిందువు దగ్గర కాక, దూలానికో గోడకో దగ్గరగా, వెడల్పాటి పలక మీదుగా పంచాలి. పైన జరిగే సుత్తి దెబ్బలకు జాకీ మర సడలుతుంది, సడలిన జాకీ పక్కకు పడిపోవచ్చు. కాబట్టి దానిని రెండు కొసల దగ్గరా తాడుతోనో మేకులతోనో కదలకుండా కట్టి, రోజూ పని మొదలుకు ముందు బిగువు చూడాలి. మూడోది బరువులు పేర్చడం. ఇసుక బస్తాలు దీనికి తేలికగా దొరికేవే గాని తగినవి కావు: గోనె చినిగి ఇసుక కారుతుంది, వర్షానికి తడిసి ఎండితే బరువు మారుతుంది, అన్నిటినీ మించి మరో పనికి కావాలని ఎవరో ఒక బస్తా తీసుకుపోతారు. వేలాడే పరంజాల విషయంలో అమెరికా నిబంధనలు ఇసుక, కంకర వంటి జారిపోయే పదార్థాలను ఎదురుబరువుగా వాడడాన్ని నిషేధించడానికి కారణం ఇదే. దూలం లోపలి కొస మీద మనిషిని బరువుగా కూర్చోబెట్టడం ఎంతమాత్రం కూడదు. ఆ మనిషి లేచిన క్షణాన బయటి మనిషి పడతాడు.

త్రికోణపు బ్రాకెట్లు

దూలాలు లోపలికి దూర్చే వీలు లేనప్పుడు గోడ బయటి ముఖానికే త్రికోణపు బ్రాకెట్లు బిగిస్తారు. బ్రాకెట్‌కు పైకమ్మీ అడ్డంగా, ఒక కమ్మీ గోడవెంట నిలువుగా, మూడోది ఏటవాలుగా ఉంటాయి. బరువు పడినప్పుడు పైబోల్టు గోడనుంచి ఊడివచ్చేలా లాగబడుతుంది, కింది మూల గోడను నొక్కుతుంది. పైబోల్టు మీది లాగుడు, బరువును గోడనుంచి దాని దూరంతో గుణించి బ్రాకెట్ ఎత్తుతో భాగిస్తే వస్తుంది. 150 కిలోల బరువు గోడకు అర మీటరు దూరంలో ఉండి, బ్రాకెట్ ఎత్తు కూడా అర మీటరే అయితే లాగుడు 150 కిలోలు. అదే బ్రాకెట్ ఎత్తు పావు మీటరైతే 300 కిలోలు. పొట్టి బ్రాకెట్లు చూపుకు ముచ్చటగా, మోయడానికి తేలికగా ఉంటాయి గాని గోడను అంతగా పీడిస్తాయి.

ఆ బోల్టు దేనిని పట్టుకొని ఉందన్నది అసలు ప్రశ్న. గిలాబు మందాన్ని బోల్టు లోతులో లెక్కపెట్టకూడదు, అది పట్టు ఇవ్వదు. బోలు ఇటుకల్లో, తేలికపాటి ఎరేటెడ్ కాంక్రీటు దిమ్మెల్లో విచ్చుకొని పట్టే యాంకర్ బోల్టులను మనుషుల బరువుకు నమ్మరాదు. అక్కడ గోడను ఆరపార దాటే బోల్టు వేసి లోపలివైపు ఉక్కు పలకతో బిగించాలి, లేదా కిటికీ వెడల్పుకంటే పొడవైన గట్టి దూలాన్ని కిటికీకి లోపలివైపు అడ్డంగా పెట్టి దానికి కట్టాలి. గట్టి కాంక్రీటు దూలానికో స్తంభానికో అయితే యాంకర్ బోల్టు సరిపోతుంది, అదీ దూలపు అంచుకు మరీ దగ్గరగా కాకుండా, రంధ్రంలోని పొడిని పూర్తిగా ఊదేసిన తర్వాత.

కలప, వెదురు, గొట్టాలు

50 మిల్లీమీటర్ల మందం, 100 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న చెక్కను నిలువుగా నిలిపితే, పై ఉదాహరణలోని 100 కిలోలకు ఊత దగ్గర అందులో పుట్టే ప్రతిబలం చదరపు మిల్లీమీటరుకు సుమారు 12 న్యూటన్లు. ప్రతిబలం అంటే పదార్థపు ప్రతి చదరపు కొలత మీదా పడే అంతర్గత బలం. అదే చెక్కను పడుకోబెడితే అది రెట్టింపై సుమారు 24 అవుతుంది, వంగడమైతే నాలుగు రెట్లు పెరుగుతుంది. కలపలో చాలా రకాలకు ఈ రెండో అంకె సురక్షిత హద్దును దాటినదే. 75 మిల్లీమీటర్లు, 150 మిల్లీమీటర్ల దూలానికి ప్రతిబలం మూడున్నరకు పడిపోతుంది. ఇంటిపనికి అటువంటిదే తగినది. నిలువుగా నిలిపిన దూలం పక్కకు దొర్లిపోకుండా ఊత దగ్గర ఇరువైపులా చెక్కలు బిగించడం మరవకూడదు.

గుండ్రని బాదు బలం దాని వ్యాసపు ఘనాన్ని బట్టి ఉంటుంది. మొదట్లో 100 మిల్లీమీటర్లున్న సర్వీ బాదు కొస వైపు 75కు సన్నబడితే ఆ చోట దాని బలం సగంకంటే తక్కువ. భ్రామకం అత్యధికంగా ఉండేది ఊత దగ్గర గనుక లావు భాగం అక్కడికి వచ్చేలా, సన్నని కొస బయటికి వచ్చేలా అమర్చాలి. కాంటిలీవర్‌లో పైముఖం లాగబడుతుంది, కింది ముఖం నొక్కబడుతుంది. రెండు వైపులా ఆధారమున్న మామూలు దూలానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. కనుక పలకలు బిగించడానికి ఊత దగ్గర పైముఖం మీద గాడి కోయడం, పెద్ద మేకులు దిగగొట్టడం దూలాన్ని దాని అతి నాజూకైన చోట గాయపరచడమే. ముడులు, పగుళ్ళు, చెదపుట్టల గుర్తులు, పుచ్చు ఉన్న బాదును పక్కన పెట్టాలి. కొబ్బరి తాడు వానకు నాని ఎండకు ఎండితే సడలుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

ఉక్కు గొట్టం మీద జనానికి అతివిశ్వాసం ఉంది. 48.3 మిల్లీమీటర్ల బయటి వ్యాసం, 4 మిల్లీమీటర్ల మందం ఉన్న పరంజా గొట్టాన్ని 1 మీటరు చాచి, కొసన ఆ 100 కిలోలే ఉంచితే ప్రతిబలం చదరపు మిల్లీమీటరుకు సుమారు 172 న్యూటన్లకు చేరుతుంది. మామూలు గొట్టపు ఉక్కు శాశ్వతంగా వంగిపోయే హద్దు 240కి అటూ ఇటూ ఉంటుంది. నాలుగు రెట్ల భద్రత మాట అటుంచి, ఒకటిన్నర రెట్లయినా మిగలదు. అందువల్ల ఒంటి గొట్టాన్ని కాంటిలీవర్‌గా చాచకూడదు. కింది అంతస్తు గోడకు ఆనే ఏటవాలు గొట్టంతో దానిని త్రికోణంగా మార్చాలి.

పలకలు, రక్షణ కడ్డీలు, తాడు

పలకల వరుస కనీసం 18 అంగుళాల వెడల్పు ఉండాలి. పలక కొస ఆధారాన్ని కనీసం 6 అంగుళాలు దాటాలి, అయితే మరీ ఎక్కువ దాటితే దాని కొస మీద కాలు పెట్టగానే రెండోవైపు లేస్తుంది. కట్టివేయని పలకలు పరంజాల మీద జరిగే పతనాలకు పాత కారణం. పలక తన ఆధారాల మధ్య దూరంలో అరవయ్యో వంతుకు మించి కుంగితే దానిని మార్చాలి. బయటి అంచున 97 నుంచి 114 సెంటీమీటర్ల ఎత్తున పైకడ్డీ, దాని సగం ఎత్తున నడిమి కడ్డీ, పనిముట్లు కింద పడకుండా పాదాల దగ్గర అంచు పలక ఉండాలి. పైకప్పు పనివాడు వంగి, చేతులు చాచి, తరచు వెనక్కు అడుగేస్తూ పనిచేస్తాడు గనుక ఈ కడ్డీలు అతనికి అలంకారం కావు.

శరీరమంతటినీ పట్టే హార్నెస్‌ను పరంజాకే కట్టుకోవడం వ్యర్థం, పరంజా పడితే మనిషీ దానితోనే పడతాడు. తాడు కట్టే కొక్కెం భవనంలోని స్తంభానికో దూలానికో విడిగా ఉండాలి, ఒక్కొక్క మనిషికి సుమారు 22 కిలోన్యూటన్ల లాగుడును తట్టుకోవాలి. నడుముకు మాత్రమే కట్టే బెల్టును పడేవారిని ఆపడానికి వాడడాన్ని అమెరికాలో 1998 జనవరి 1 నుంచి నిషేధించారు, ఎందుకంటే ఆగిన కుదుపంతా కడుపు మీద, వెన్ను మీద పడుతుంది. హార్నెస్‌లో వేలాడుతున్న మనిషికి కాళ్ళలో రక్తం నిలిచిపోయి నిమిషాల్లోనే ప్రాణాపాయం ఏర్పడవచ్చు. అతనిని వెంటనే దించే ఏర్పాటు ముందుగానే ఆలోచించి ఉంచాలి.

పరంజా మీద సరుకు పేర్చడం మరో జబ్బు. మంగళూరు పెంకు ఒక్కొక్కటి రెండు నుంచి మూడు కిలోలు తూగుతుంది. ముప్పై పెంకుల దొంతర ఒక మనిషి బరువు. పెంకులు శ్లాబు మీదో నేలమీదో ఉంచి కొద్దికొద్దిగా అందించాలి. సిమెంటు రేకుల కప్పును అసలు తొక్కరాదు, పాతబడ్డ రేకు ముందు చప్పుడైనా లేకుండా విరుగుతుంది. వాసాల మీదుగా వేసిన పలకల మీదే నడవాలి.

గాలి, విద్యుత్తు

గాలి ఒత్తిడి దాని వేగపు వర్గంతో పెరుగుతుంది. గంటకు 54 కిలోమీటర్ల గాలి, ఎదురుగా పట్టిన ప్రతి చదరపు మీటరు మీద సుమారు 14 కిలోల బలం చూపుతుంది. మూడడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ఉన్న రేకు పట్టుకొని అంచున నిలబడ్డ మనిషిని అది 30 కిలోల బలంతో నెడుతుంది. పరంజాకు టార్పాలిన్లు కడితే ఆ బలమంతా బిగింపుల మీద పడుతుంది. ఈదురుగాలుల మాసాల్లో మధ్యాహ్నం తర్వాత రేకుల పని పెట్టుకోకపోవడం మంచిది.

తెలుగు పట్టణాల ఇరుకు వీధుల్లో విద్యుత్ తీగలే అన్నిటికంటే పెద్ద ముప్పు. 11 కిలోవోల్టుల వరకూ ఉన్న తీగలకు భవనంనుంచి అడ్డంగా 1.2 మీటర్ల దూరం ఉండాలన్నది భారతీయ నిబంధన. నిబంధన పాటించి ఇల్లు కట్టినచోట కూడా 1 మీటరు చాచిన పరంజా ఆ ఖాళీని దాదాపు మింగేస్తుంది. పనివాడి చేతిలోని ఇనుప గొట్టం మిగిలినదానిని దాటుతుంది. హెచ్చు వోల్టేజీ తీగను ముట్టుకోనక్కరలేదు, దగ్గరికి వెళితేనే విద్యుత్తు దూకుతుంది. సరఫరా నిలిపివేయించి, ఆ సంగతి విద్యుత్ సిబ్బందితో నిర్ధారించుకోకుండా అటువైపు పరంజా చాచరాదు.

చట్టం, తనిఖీ, విప్పడం

భారత ప్రమాణాల సంస్థ పరంజాల భద్రతకు ఐఎస్ 3696ను, ఉక్కు గొట్టాల పరంజాకు ఐఎస్ 4014ను వెలువరించింది. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చేసిన కేంద్ర చట్టం పదిమంది లేక అంతకు మించి పనివారున్న చోట్లకు వర్తించేది. సొంత నివాసాన్ని 10 లక్షల రూపాయలకు మించని ఖర్చుతో కట్టించుకునే వ్యక్తులను అది మినహాయించింది. తర్వాత ఈ చట్టాన్ని 2020 నాటి వృత్తి భద్రతా స్మృతిలో కలిపారు. చిన్న ఇంటి చూరు మరమ్మతుకు వచ్చే ఇద్దరు ముగ్గురు పనివారు ఆ 1996 చట్టపు పరిధిలోకి రానేలేదు. అక్కడ తనిఖీ అధికారి ఎవరూ రారు గనుక ఇంటి యజమానీ, మేస్త్రీ కలిసి ఆ బాధ్యత వహించాలి. ఒకటి రెండు వేల రూపాయలిచ్చి ఇంజినీరు చేత లెక్క చూపించుకోవడానికి వెనకాడేవారు ఒక మనిషి వెన్నెముక విరిగితే ఆ కుటుంబానికి ఏమవుతుందో ఆలోచించాలి.

పరంజాను కట్టిన వెంటనే మనుషులు ఎక్కకూడదు. మొదట పలకల మీద ఉద్దేశించిన బరువుకంటే ఎక్కువ సరుకును నేలనుంచి తాడుతో ఎక్కించి, కింద ఎవరూ లేకుండా చూసి, కొంతసేపు ఉంచి, లోపలి కొస లేచిందా, ఊత దగ్గర ఇటుక చిట్లిందా, బోల్టు జరిగిందా అని పరిశీలించాలి. తర్వాత ప్రతిరోజూ పనికి ముందు, పెద్ద వాన గాలుల తర్వాత విధిగా ఈ మూడు చోట్లనే మళ్ళీ చూడాలి. రెండు మీటర్లు లేక అంతకు మించిన ఎత్తునుంచి పడే అవకాశమున్న పరంజాలకు బ్రిటన్‌లో 2005 నిబంధనలు కనీసం ఏడు రోజులకొక తనిఖీని విధించాయి. లోపలి బిగింపు ఉన్న గదికి తాళం వేయడమో, దానిని ముట్టరాదని పెద్ద అక్షరాలతో రాసి పెట్టడమో అవసరం, ఎందుకంటే ఆ గదిలో పనిచేసే ప్లంబరుకో ఎలక్ట్రీషియనుకో ఆ జాకీ దేనిని ఆపుతోందో తెలియదు.

విప్పేటప్పుడు వరుస తలకిందులవుతుంది. ముందుగా సరుకు, తర్వాత మనుషులు, ఆ తర్వాత లోపలినుంచి అందుకుంటూ పలకలు, కడ్డీలు దిగాలి. బయటి భాగం పూర్తిగా ఖాళీ అయ్యాక కూడా పొడవాటి దూలానికి సొంత బరువు ఉంటుంది గనుక, దాని బయటి కొసకు పైనుంచి తాడు కట్టి పట్టుకున్న తర్వాతే లోపలి జాకీనో బోల్టునో వదులు చేసి దూలాన్ని గదిలోకి లాక్కోవాలి.